అన్నయ్య చేతులు

పోయినవారం మనం ఆమెను సినిమా హాల్లో, ఇంటర్వెల్ దీపాలు వెలిగాక, పక్కన ఒక ఖాళీ సీటుతో వదిలేసి వచ్చాం. ఆ సీటు అన్నయ్యది. మంచినీళ్ళు తాగొస్తానని లేచి వెళ్ళినవాడు ఇంకా రాలేదు.

ఈ వారమే ఈ కథలోకి అడుగు పెట్టినవాళ్ళు కంగారు పడక్కర్లేదు. ఆమెకు బట్టలు సరిచేసే చిన్న షాపు ఉంది. పొడుగు ప్యాంట్లు పొట్టి చెయ్యడం, బిగిసిన నడుములు వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం, గుండీలు కుట్టడం, ఇదీ పని. మొగుడు సినిమా నటుడు. ఇన్నేళ్ళలో ఆయన వేసిన వేషాలు పోస్టుమాను, పెళ్ళికూతురి తరఫు బంధువు, 'సారీ' అని కళ్ళజోడు తీసే డాక్టరు, రెండుసార్లు శవం. శవం వేషానికి కూడా ఇంట్లో సాధన చేసిన మనిషి ఆయన. ఊపిరి బిగబట్టి మంచం మీద పడుకుంటే, ఆమె నిజమేననుకుని చెంబుడు నీళ్ళు మొహాన కొట్టింది. లేచి కూర్చుని "నమ్మావన్నమాట" అని మురిసిపోయాడు. అలాంటివాడికి ఇన్నాళ్ళకి పెద్ద వేషం దొరికింది. జైలు సినిమా. పాటల్లేవు, ఫైట్లు లేవు, గోడ దూకి పారిపోవడాలు అసలే లేవు. ఒకే బ్యారక్‌లో నలుగురు ఖైదీలు, ఒక ముసలి వార్డరు, వాళ్ళ మొహాలు, వాళ్ళ చేతులు, అంతే సినిమా. ఆ నలుగురిలో పెద్దవాడు ఈయన.

ఇక అన్నయ్య. ఆయన నిజంగానే పన్నెండేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. పనిచేస్తున్న గిడ్డంగి తగలబడి, లోపల కాపలామనిషి చనిపోతే, నిప్పు పెట్టింది ఈయనేనని ఒకే ఒక్క సాక్షి చెప్పిన మాట మీద శిక్ష పడింది. తాను పెట్టలేదని ఆయన అప్పుడూ చెప్పాడు, ఇప్పుడూ చెబుతాడు. కాకపోతే ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. బయటికొచ్చాక చెల్లెలి షాపులో తెర వెనక మిషను ముందు కూర్చున్నాడు. కౌంటరు దగ్గరికి మాత్రం రాడు. వీధికి ఆయన ఓడల మీద పనిచేసి వచ్చిన మనిషి. ఆ అబద్ధాన్ని చెల్లెలే కుట్టింది, కుట్టు కనపడకుండా. "వీధికి తెలిసిననాడు నేనిక్కడ ఉండనమ్మడూ. నా మూలంగా నీ షాపు పాడవకూడదు" అని వచ్చిన మొదటిరోజే ఆయన తేల్చి చెప్పాడు. అన్నంత పనీ చేసే రకం.

అలాంటి అన్నయ్యని ఇంట్లో పెట్టుకుని, ఈ కళాకారుడు చేసిన నిర్వాకం ఏమిటయ్యా అంటే, ఆయన్నే తీసుకెళ్ళి తెర మీద పెట్టాడు. కంచం చుట్టూ ఎడంచెయ్యి అడ్డం పెట్టుకుని తినడం. ఎవరైనా పిలిస్తే ముందు లేచి నిలబడి, ఆ తర్వాత పలకడం. వాడిన సబ్బుని తుడిచి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి దాచుకోవడం. ఎక్కడైనా కూర్చోబోయే ముందు, ఎవరైనా ఏదైనా దాచారేమోనని ఆ బల్ల అంచు కింద వేళ్ళు ఒకసారి పోనివ్వడం. సగం సినిమా గడిచేసరికి ఆమెకి కళ్ళెదుట ఇద్దరన్నయ్యలు తయారయ్యారు, ఒకడు తెర మీద, ఒకడు పక్క సీట్లో.

ఇదంతా చూడ్డానికి ఆమె షాపు మూసుకుని మరీ వచ్చింది. మూసేముందు కూడా ఒక పని పూర్తి చేసింది. నెలకోసారి గుండీ ఊడగొట్టుకొచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, సాయంత్రం వస్తానన్నాడు. రెండు పేటల దారంతో బిగించి కుట్టి, "ఈసారి ఊడితే చొక్కా ఊడాలి గానీ గుండీ ఊడకూడదు" అని తిట్టుకుంటూ హ్యాంగరుకి తగిలించి వచ్చింది. ఆమెకి ఆ రోజు ఎవరిని చూసినా చిరాగ్గానే ఉంది.

దీపాలు ఆరుతుండగా అన్నయ్య వచ్చాడు.

"నీళ్ళు తాగడానికి ఇంతసేపా?" అంది ఆమె గొంతు తగ్గించి.

"వరసలో నిలబడ్డానమ్మడూ."

"వరసెక్కడుంది? ఇద్దరున్నారు, నేను చూశా."

"వాళ్ళు వెళ్ళాక ఇంకో నలుగురొచ్చారు. పాపం తొందరలో ఉన్నారని ముందు వెళ్ళమన్నా."

ఈ మనిషితో ఏం వేగేది. ఆయన కూర్చోబోతూ సీటు చెయ్యి కింద వేళ్ళు పోనిచ్చాడు. అరగంట కిందట హాలు హాలంతా తెర మీద చూసిన పని. ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది. సరిగ్గా వెనక వరసలో వాళ్ళ మేడ మీద అద్దెకుండే పిన్నిగారు. ఆవిడకి పక్కింటి చీమ తుమ్మినా వినపడుతుంది. ఆవిడ కళ్ళు అన్నయ్య చేతి మీదే ఉన్నాయి.

సినిమా మళ్ళీ మొదలైంది. ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆమె మొగుడి మీద కోపంతో ఉంది కాబట్టి సినిమాలో తప్పులు వెతకాలనే కూర్చుంది. దొరికిందల్లా ఒక్కటే, ఖైదీల చొక్కాల కాలరు కుట్టు బాగాలేదు. నటనలో వేలు పెట్టడానికి సందు లేదు. ముసలి వార్డరు వేసినాయన ఒక్కసారి కూడా గొంతు పెంచడు, తిట్టేటప్పుడు పక్కకి చూస్తాడు, అందులోనే ఆయనకి ఆ ఖైదీలంటే ఎంత ఇష్టమో తెలిసిపోతుంది. ఎప్పుడు పడితే అప్పుడు నవ్వే ఖైదీ ఒకడున్నాడు. అతను నవ్వడం మానేసిన సీనులో హాల్లో దగ్గు కూడా వినపడలేదు. ఒక్కొక్కడూ తన వంతు మాట కోసం కాచుక్కూర్చోకుండా, పక్కవాడు చెప్పేది నిజంగా వింటున్నాడు. వినడం అంత అందంగా ఉంటుందని ఆమెకి ఇంతకుముందు తెలియదు.

ఆ తర్వాత ఆ సీను వచ్చింది. పెద్ద ఖైదీ తల్లి చనిపోయిందని వార్డరు వచ్చి చెబుతాడు.

ఆమె మొగుడి పెదవి కోసం ఎదురుచూసింది. కింది పెదవి వణికించడం ఆయన ఏకైక విద్య. పోస్టుమానుగా టెలిగ్రాం ఇచ్చేటప్పుడు కూడా వణికించాడు. ఇప్పుడు వణికిస్తాడు, హమ్మయ్య, నేను హాయిగా తిట్టుకుంటాను అనుకుంది. పెదవి కదల్లేదు. ఆయన లేచి నిలబడ్డాడు. వార్డరు చెప్పుల వైపు చూశాడు. కుడిచెయ్యి నెమ్మదిగా మెడ దగ్గరికి పోయింది. పై గుండీ తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టాడు. అప్పుడు అడిగాడు, "ఇవాళ బట్టలుతుక్కునే రోజేనా?" అని.

హాల్లో ఒకచోట మొదలైన వెక్కు వరసలన్నీ చుట్టొచ్చింది. ఆమె కూడా ఏడ్చింది. ఏడుస్తూనే పళ్ళు నూరింది. ఎందుకంటే వాళ్ళమ్మ కూడా అలాగే పోయింది, అన్నయ్య లోపల ఉండగా, ఎవరో వచ్చి చెబితే వినాల్సిన రోజుల్లో. చివరికి అది కూడా వదల్లేదన్నమాట ఈయన. చెడ్డగా చేసి ఉంటే ఒక తిట్టు తిట్టి ఊరుకునేది. ఇంత బాగా చేశాక ఎలా తిట్టడం. అదే ఆమె ఏడుపు.

ఓరగా అన్నయ్యని చూసింది. సినిమా మొదలైనప్పటి నుంచీ వెనక్కి ఆనుకుని కదలకుండా ఉన్నవాడు, ఇప్పుడు ముందు సీటు పట్టుకుని తెర వైపుకి వంగి ఉన్నాడు. అమ్మ గుర్తొచ్చిందనుకుంది. చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆయన గమనించలేదు.

సినిమా అయ్యాక బయట వరండాలో మొగుడి చుట్టూ జనం. ఎప్పుడూ జనంలో ఒకడిగా ఉండే మనిషి చుట్టూ జనం చేరితే ఎలా ఉంటాడో ఆమె మొదటిసారి చూసింది. మొహం చాటంత చేసుకున్నాడు.

"ఏడిపించేశావు నాయనా," అంది మేడమీది పిన్నిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఆ గుండీ దగ్గర నా వల్ల కాలేదు. మా ఆయన పోయినప్పుడు నేనూ అంతే, పాలు పొంగుతున్నాయేమో చూడమని అడిగా."

డైరెక్టరు పక్కనే ఉన్నాడు. "గుండీ నేను చెప్పింది కాదండీ. ఏడవొద్దని మాత్రం చెప్పాను. మిగతాదంతా ఆయనే చేశారు," అన్నాడు.

పత్రికాయన ఒకరు అడిగారు, "ఈ చేతులు ఎక్కడ పట్టుకొచ్చారండీ? ఎవరైనా నిజం ఖైదీని కలిశారా?"

"పరిశీలనండీ, పరిశీలన," అన్నాడు మొగుడు గొంతు సవరించుకుని. "నటుడన్నవాడికి ఎక్కడికో పోనక్కర్లేదు. చూసే కళ్ళుండాలే గానీ ఇంట్లోనే..."

ఆమె మడమతో ఆయన కాలు తొక్కింది.

"ఇంట్లోనే అద్దం ఉందండీ," అని తనే పూర్తి చేసింది. "పొద్దస్తమానం దాని ముందే ఉంటారు."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఎవరో అన్నయ్యకి టీ ఇచ్చారు. గోడకి వీపు ఆనించి నిలబడ్డ ఆయన ఆ కాగితం కప్పుని రెండు చేతులా అందుకుని, ఎడంచెయ్యి దాని చుట్టూ అడ్డం పెట్టుకుని తాగుతున్నాడు. పైన గోడ మీద పోస్టరులో మొగుడు కూడా అలాగే తాగుతున్నాడు. పిన్నిగారు కింద చూసింది. పైన చూసింది. మళ్ళీ కింద చూసింది. కప్పు పట్టుకుని మెల్లిగా అన్నయ్య వైపు నడిచింది. ఆమె అటు వెళ్దామనుకునేలోపు డైరెక్టరు ఎదురొచ్చి, "అమ్మా, ఇలాంటి నటుడితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేశారో చెప్పండి," అన్నాడు. అది చెప్పడానికి ఆమెకి ఒక వారం పడుతుంది. మర్యాదకి నవ్వి తప్పించుకునేసరికి పిన్నిగారు వెళ్ళిపోయింది.

ముగ్గురూ షాపుకి తిరిగొచ్చేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. ఆమె షట్టరు సగం వరకే ఎత్తి వదిలేసింది. అన్నయ్య తెర వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.

ఆ షాపులో ఒక పద్ధతుంది. అన్నయ్య వినకూడని మాటలన్నీ మిషను చప్పుడు కిందే నడుస్తాయి. మిషను ఆడుతుంటే మాట్లాడాలి, ఆగితే ఆపాలి. అన్నయ్య దారం మార్చుకున్నంతసేపూ ఎంత పెద్ద పోట్లాటైనా నోట్లోనే ఉంచుకోవాలి. ఇద్దరికీ ఇది అలవాటైపోయింది.

మిషను వేగం అందుకోగానే ఆమె అందుకుంది.

"ఎవరినడిగి తీసుకున్నారు?"

"ఏం తీసుకున్నా?" అన్నాడు ఆయన కౌంటరు పక్కనున్న తన స్టూలు మీద కూర్చుంటూ.

"మా అన్నయ్యని."

"అదేం మాటే. నటుడు దొంగతనం చెయ్యడు. చూస్తాడు."

"మేం ఎవరైనా కోటు సరిచెయ్యడానికి తెస్తే జేబులో చెయ్యి పెట్టి, ఉన్నది వాళ్ళ చేతిలోనే పెట్టేస్తాం. చూస్తూ కూర్చోం."

"అంత బాగా చేశాడని ఊరంతా అంటుంటే..."

"అదేగా నా ఖర్మ. బాగా చేశారు. చెడగొట్టి ఉంటే ఆయన్ని ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు."

మిషను ఆగింది. ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఆమె కత్తెర తీసి అక్కర్లేని గుడ్డముక్క ఒకటి కత్తిరించింది. మిషను మళ్ళీ ఆడింది.

"పిన్నిగారు చూసింది," అంది ఆమె. "రేపటికి వీధి, ఎల్లుండికి ఊరు. ఆయన మూట కట్టుకుంటాడు. ఎక్కడికెళ్తాడు చెప్పండి. ఆయనకి తిండి ఎక్కడ దొరుకుతుందో తెలీదు, బస్సెక్కితే దిగమని ఎవరైనా చెప్పేదాకా దిగడు."

ఆయన ఆమె కత్తిరించిన ముక్క తీసి మడత పెట్టాడు.

"ఇంకోటి అడుగుతా. ఆయన వచ్చిన ఏడాదిపాటు ఒక్కపూట పక్కన కూర్చుని తిన్నారా? వేళ కుదరలేదన్నారు. వేషం రాగానే వేళ కుదిరింది. ఎదురుగా కూర్చుని, ముద్ద ముద్దకీ ఆయన చేతులు చూస్తూ తిన్నారు. ఆయన ఏమనుకున్నాడో తెలుసా? 'బావ నాతో కూర్చుని తింటున్నాడమ్మడూ' అని నాకు చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది మీరు. అన్నీ చూశారు గానీ అదొక్కటే చూడలేదు."

మొగుడు తల దించుకున్నాడు. నటన కాదు. నటనైతే పెదవి వణికేది.

"మొదట్లో వేషం కోసమే కూర్చున్నా," అన్నాడు. "కాదనను. కానీ షూటింగు అయిపోయి ఎన్నాళ్ళయింది? ఇప్పటికీ ఆయనతోనే తింటున్నానా లేదా? రాత్రి నువ్వు పిలిచినా ఆయన పని అయ్యేదాకా ఆగానా లేదా?"

అది నిజం. అది నిజమని ఇప్పటిదాకా తనకి తట్టనందుకు ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. కోపం పెట్టుకోవడానికి పట్టు దొరక్కుండా చేస్తాడు ఈ మనిషి.

"సరే. తిన్నారు. మరి మా అమ్మ చావు ఎందుకు? ఆయన లోపల ఉండగా ఆ కబురు ఎలా విన్నాడో, ఏం చేశాడో, అది కూడా తీసుకెళ్ళి..."

"అది కథలో ఉందే. నేను రాయలేదు."

"గుండీ కథలో లేదుగా. డైరెక్టరు కూడా చెప్పలేదుగా. ఆయన దగ్గర కూపీ లాగి ఉంటారు."

"ఒట్టు, ఆ కబురు గురించి నేనెప్పుడూ బావని అడగలేదు."

"అడక్కుండా ఎలా తెలుస్తుంది? అన్నీ ఆయనవే తీసుకున్న మీరు, అదొక్కటి ఆకాశం నుంచి..."

"దారం తెగి చాలాసేపయింది," అన్నాడు అన్నయ్య.

తెర పక్కకి జరిపి నిలబడి ఉన్నాడు. మిషను ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుతో. మొగుడు తేలు కుట్టిన దొంగలా లేచి నిలబడ్డాడు.

అన్నయ్య కౌంటరు వైపు వచ్చాడు. ఆయన ఇటువైపు వచ్చి కూర్చోవడం అదే మొదటిసారి. ఇంకో స్టూలు లాక్కుని, కూర్చోబోతూ దాని అంచు కింద వేళ్ళు పోనిచ్చి, మధ్యలో ఆగి, నవ్వాడు.

"ఇప్పుడు నేనిది చేస్తుంటే నిన్ను చూసి చేస్తున్నట్టుంది బావా," అన్నాడు. "బాగా చేశావు. నేనెలా ఉంటానో నాకు తెలీదు ఇన్నాళ్ళూ. లోపల అద్దాలుండవు, బయటికొచ్చాక చూసుకోవాలనిపించలేదు. అంత పిరికిగా ఏం లేను. కొంచెం జాగ్రత్తగా ఉన్నా, అంతే. చూస్తే ముచ్చటేసింది."

"బావా, నిన్ను అడగాల్సింది," అన్నాడు మొగుడు.

"అడిగితే నాకు చేతులు ఆడేవి కావు. నువ్వు చూస్తున్నావని మొదటి వారమే తెలుసు. లోపలుండి వచ్చినవాడికి, ఎవరు చూస్తున్నారో వీపుకి తెలుస్తుంది. నీకు సరిగ్గా అందడం లేదేమోనని ఒకట్రెండుసార్లు ముద్ద నెమ్మదిగా కూడా పెట్టుకున్నా."

"మీ ఇద్దరికీ ఒక దణ్ణం," అంది ఆమె. "మధ్యలో నేనెందుకు తల బద్దలు కొట్టుకుంటున్నట్టు?"

"కోప్పడకమ్మడూ. పన్నెండేళ్ళు నన్ను చూసినవాళ్ళంతా లెక్కపెట్టడానికి చూసినవాళ్ళే. ఉన్నాడా, ఉన్నాడు, పక్కవాడు. ఎలా తింటానో చూద్దామని వచ్చి కూర్చున్నవాడు బావే."

ఆమె ముక్కు చీది, అసలు భయం అడిగేసింది. "పిన్నిగారు ఏమంది నీతో?"

"ఓడలా, లోపలా నాయనా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"లోపలే పిన్నిగారూ అన్నా. ఆవిడ కాసేపు ఆలోచించి, మరి నా కర్టెన్లు ఎప్పుడిస్తావు అంది."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాదిన్నరగా సముద్రాలు, రేవులు, తుఫాన్లు కల్పించి కల్పించి నాలుక ఎండిపోయింది. అక్కడ ఈయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"అయితే వెళ్ళవుగా?"

అన్నయ్య ఆమె మొగుడి వైపు తిరిగాడు. నవ్వు పోయింది.

"అది తర్వాత. ముందు బావని ఒకటి అడగాలి. కంచం నాది, సబ్బు నాది, బల్ల కింద వేళ్ళు నావి. గుండీ ఎవరిది?"

"నీది కాదా?" అంది ఆమె.

"లోపల చొక్కాలకి గుండీలుండవమ్మడూ. మెడ దగ్గర ముడేసుకునే నాడాలు. పన్నెండేళ్ళు వాటిని కుట్టిందే నేను. గుండీలతో జూదం ఆడుతున్నారని ఎప్పుడో ఎవరో తీయించేశారట. అమ్మ కబురు వచ్చిన రోజు నేను మిషను దగ్గరే ఉన్నా. చేతులు ఆపలేదు."

ఆమె నుదురు కొట్టుకుంది. రోజూ అన్నయ్య చొక్కాలు ఉతికి, ఆరేసి, మడత పెట్టేది తనే. ఆయన మెడ దగ్గర గుండీ ఎప్పుడూ పెట్టుకోడు, ఆ గుండీ దారం కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎవరి చొక్కా చూసినా వాళ్ళు ఎలా కూర్చుంటారో, ఏ చెయ్యి ఎక్కువ వాడతారో చెప్పే తను, హాల్లో ఏడుస్తూ కూర్చుని ఈ ముక్క మర్చిపోయింది. అన్నీ అన్నయ్యవే కాబట్టి ఇదీ అన్నయ్యదే అనుకుంది.

"అలా చేసే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశా," అన్నాడు అన్నయ్య. "కోర్టులో. నేను నిప్పు పెట్టి పారిపోతుంటే చూశానని చెప్పినవాడు, మా గిడ్డంగి కాటా గుమాస్తా. లాయరు ఏది అడిగినా చెయ్యి మెడ దగ్గరికి పోయేది. తీసేవాడు, పెట్టేవాడు. తీసేవాడు, పెట్టేవాడు. అప్పుడు జవాబు చెప్పేవాడు. మొహం మర్చిపోయా బావా. ఇప్పుడు ఎదురుపడినా పోల్చుకోలేనేమో. ఆ చెయ్యి మాత్రం మర్చిపోలేదు."

ఆమె ఆ గుమాస్తాని ఎన్నడూ చూడలేదు. ఒక బిడ్డని కోర్టుకి ఇచ్చింది చాలు, ఇంకో బిడ్డ ఆ గడప తొక్కడానికి వీల్లేదని అమ్మ ఆమెను ఇంట్లోనే ఉంచేసింది. తీర్పు వచ్చిన నెలలోనే గుమాస్తా ఊరు వదిలి వెళ్ళిపోయాడు. వాడు నోరు విప్పి నిజం చెబితే తప్ప ఈ మచ్చ పోదని లాయరు చెప్పాడు. ఎంత వెతికించినా జాడ దొరకలేదు. వెతికించడం మానేసి కూడా చాలా ఏళ్ళయింది.

"వాణ్ణి ఎక్కడ చూశావు బావా?" అన్నాడు అన్నయ్య.

"నాకు తెలీదు... ఎంతోమందిని చూస్తుంటా, ఎక్కడని గుర్తుంటుంది..."

"గుర్తు తెచ్చుకోండి," అంది ఆమె. "ఊరందరి చేతులూ గుర్తుపెట్టుకునే కళ్ళే కదా మీవి. పరిశీలన అని వరండాలో ఉపన్యాసం ఇచ్చారుగా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి తనకి తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. అన్నయ్య ఆ చేతినే చూస్తున్నాడు.

"ఆ సీనుకి ఏడవొద్దన్నాడు డైరెక్టరు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఏడవకపోతే చేతులు ఏం చెయ్యాలో నాకు తోచలేదు. అప్పుడు ఒకాయన గుర్తొచ్చాడు. లోపల ఏదో పెట్టుకుని బయటికి చెప్పలేక ఊగిసలాడుతున్న మనిషి. అబ్బ, ఎంత బాగుందో ఆ చెయ్యి అనుకున్నా. నేను ఈ స్టూలు మీదే కూర్చుని ఉన్నా."

"ఏ స్టూలు?"

"ఇదే. ఆయన కౌంటరుకి అవతల నిలబడ్డాడు. నువ్వు తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నావు. లోపల బావ మిషను ఆడుతోంది. ఆయన నిన్ను చూడ్డం లేదు, నన్ను చూడ్డం లేదు. ఆ తెర వైపే చూస్తున్నాడు. మిషను ఆడినంతసేపూ గుండీ తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉన్నాడు. మిషను ఆగగానే, చొక్కా తర్వాత తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు."

ఆమె హ్యాంగర్ల దగ్గరికి నడిచింది. చివర తగిలించిన చొక్కా తీసుకొచ్చి కౌంటరు మీద పరిచింది. తెల్ల చొక్కా, పాతది, శుభ్రంగా ఉంది. కింది గుండీలన్నిటి దారం చెక్కుచెదరలేదు. చేతుల గుండీలు కూడా. నెలనెలా ఊడేది పైది ఒక్కటే. "ఈ గుండీ మీద మీకేం పగండీ" అని ఆమె ఒకసారి నవ్వుతూ అడిగింది. "అలవాటమ్మా, పోవడం లేదు" అన్నాడాయన, తెర వైపు చూస్తూ. ఆ మనిషికి ఆమె ఎన్నోసార్లు గుండీ కుట్టింది. రెండు పేటల దారంతో, ఇక ఊడకుండా, ఇవాళ పొద్దున కూడా కుట్టింది.

అన్నయ్య వేలు చాచి ఆ గుండీని ముట్టుకున్నాడు. దారాన్ని తడిమాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తానన్నాడు?" అని అడిగాడు.

ఆమె జవాబు చెప్పేలోపు బయట చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. సగమే ఎత్తిన షట్టరు కింద రెండు పాదాలు కనపడ్డాయి. ఎవరో రేకు మీద వేళ్ళతో మెల్లిగా తట్టారు.

"అమ్మా, ఉన్నారా? చొక్కా అయిందా?"

మొగుడు ఊపిరి బిగబట్టాడు. ఆ గొంతు విని అన్నయ్య, ఎవరు పిలిచినా చేసినట్టే, ముందు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత పలికాడు.

"అయిందండీ. వంగి లోపలికి రండి."